షీనా అద్దిన పుప్పొడి

మా బావ ఫర్కర్ పూలు చూసి ఆగే మనిషి కాదు. చెట్టంటే ఆయన లెక్కలో నిటారుగా పెరగాలి, రంపానికి పనికిరావాలి. మా ఆవిడ ఎఫీ ఇంటి వెనక పెంచుకునే పొట్టి రోడోడెండ్రాన్లు ఆయన మోకాలి దాకా కూడా వచ్చేవి కావు. మా వైపు వాటిని రోడీలంటాం. చలికాలమైనా ఆకు రాల్చవు. ఏడాది పొడుగునా బోర్లించిన బుట్టల్లా గుండ్రంగా, పచ్చగా కూర్చుని ఉంటాయి.

"మీ గొర్రెలింకా మేతకు పోలేదా?" అనేవాడు వెనక గేటు తోసుకుని వస్తూ, ఆ గుండ్రటి మొక్కల్ని చూసి.

ఎఫీ తలెత్తకుండానే, "పోతే నీ తోటలోకే పోతాయి. కంచె చూసుకో" అనేది.

అన్నాచెల్లెళ్ళ పలకరింపు అంతే. ఆ తర్వాత వంటింట్లో కూర్చుని టీ తాగి, వాన ఎప్పుడు తగ్గుతుందో నన్నడిగి, పడవ నడిపేవాడికి కూడా తెలీకపోతే ఎవరికి తెలుస్తుందని దెప్పి వెళ్ళిపోయేవాడు. మా ఇల్లు గుట్ట కింద. ఆయన ఇల్లు గుట్ట పైన. మధ్యలో అంతా ఆయన లార్చ్ తోట, కలప కోసం పెంచే ఎత్తైన చెట్లు, చలికాలానికి ఆకు రాలుస్తాయి. పెళ్ళయిన కొత్తలో ఆయనా, భార్య షీనా, ఇద్దరే తట్టల్లో మొక్కలు మోసుకెళ్ళి ఆ గుట్టంతా నాటారు. ఆ చెట్లు నేను చెప్పే ఏడు చలికాలం కొట్టాలి. షీనా ఉంటే ఆ రోజుకు కొత్త కోటు కుట్టించుకునేది. పోయింది. ఆవిడ పోయాక బావ గడ్డం పెంచాడు, మాట తగ్గించాడు. మా ఇంటికి రావడమూ తగ్గించాడు.

ఆ ఏడు మార్చిలో, నేను రేవు నుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే ఎఫీ గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"మర్డో, వదిన మొక్కకు మొగ్గొచ్చింది."

"ఆకు మొగ్గేమో."

"ఆకు మొగ్గ సన్నగా ఉంటుంది. ఇది లావుగా ఉంది. ఇన్నాళ్ళు ఈ ఇంట్లో ఏం చూశావు నువ్వు?"

షీనా బతికున్న చివరి వసంతంలో మా పెరట్లో ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. అప్పటికే ఎక్కువసేపు నిలబడలేకపోయేది. ఎఫీ దగ్గర రంగులు వేసే సన్నటి కుంచె అడిగి తీసుకుని, షీనాయే ఒక రోడీ పువ్వు నుంచి పుప్పొడి తీసి ఇంకో రోడీ పువ్వుకు అద్దింది. గుర్తు కోసం ఉన్ని దారం కట్టింది. కాయ ముదిరేనాటికి ఆవిడ లేదు. పొడిలాంటి ఆ విత్తనాన్ని ఎఫీ నాచు మీద చల్లి వంటింటి కిటికీలో పెట్టుకుంది. మొలిచినవాటిలో కొన్ని కుళ్ళాయి, కొన్నిటిని నత్తలు తిన్నాయి. మిగిలింది ఒక్కటే. ఈ మొక్కలు పూయడానికి తొందరపడవు. ఏడాదికి బెత్తెడు పెరిగితే ఎక్కువ. గట్టి ఆకు, ఆకు అడుగున పిల్లి కడుపులాంటి గోధుమరంగు నూగు. ఎఫీ దాని వేళ్ళ మీద పైన్ ఆకులు పరిచి, వాననీళ్ళు తప్ప ఇంకే నీళ్ళూ తగలనీయకుండా పెంచింది.

"అన్నయ్యకు చెప్పకు," అంది ఎఫీ. "మంచు పడి మొగ్గ మాడిందంటే ఆయన తట్టుకోలేడు."

మంచు పడేలా ఉన్న ప్రతి సాయంత్రం దాని మీద గోనెపట్టా కప్పేది. పొద్దున్నే తీసేది. పక్క దులుపుకోకుండానే ముందు ఆ పని.

మే నెలలో విచ్చుకుంది. ముందు ముదురు గులాబీ. నాలుగు రోజులకు లేత గులాబీ. ఆపైన అంచుల్లో కొద్దిగా రంగు మిగిలి, లోపలంతా తెలుపు. బావను టీకి పిలిచింది ఎఫీ. తాగనివ్వకుండానే చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్ళింది. నేను గుమ్మంలోంచి చూస్తున్నాను.

"ఇది వదిన అద్దినది," అంది.

బావ టోపీ తీశాడు. వంగి పువ్వు లోపలికి చూశాడు.

"ఏ రంగు వస్తుందనుకుంది?"

"ఎర్రగా వస్తుందని నాతో పందెం వేసింది."

"అయితే ఓడిపోయింది," అన్నాడు. నవ్వాడు. ఆయన నవ్వగా విని ఎన్నాళ్ళయిందో. వంటింట్లోకి వచ్చాక కూడా మధ్యమధ్యలో, "ఎరుపట, ఎరుపు" అని తనలో తాను నవ్వుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి రోజూ వచ్చాడు. తోటలోంచి కాలిబాట పట్టుకుని దిగడం, పెరట్లో ఆ మొక్క ముందు కాసేపు నిలబడడం, మాతో కలిసి అన్నానికి కూర్చోవడం, మళ్ళీ అదే బాటన పైకెక్కి పోవడం. గడ్డం గీసుకున్నాడు. ఎఫీ హెర్రింగ్ చేప వేయిస్తే ఉప్పు ఎక్కువైందని వంక పెట్టాడు. ఎఫీ గరిటె ఆయన చేతికిచ్చి, "రేపట్నుంచి నువ్వే వండు" అంది. ఇల్లు ఇల్లులా ఉంది. పడవలో జనం కూడా అడిగారు, ఏంటి మర్డో ఈ మధ్య పాడుతున్నావని.

"ఆగస్టులో దీని కొమ్మలు కోసి వేళ్ళు పట్టిస్తాను," అంది ఎఫీ ఒక సాయంత్రం. "ఒకటి నీ గుమ్మం పక్కన నాటుకుందువు."

"నా గుమ్మం పక్క మట్టి పనికొస్తుందా?"

"రాదు. నీ గోడ సున్నం అంతా అందులో రాలింది. సున్నం తగిలితే ఆకు పసుపెక్కి చస్తుంది. అదంతా తవ్వి పారెయ్. బురదనేల నుంచి నల్లమట్టి తెచ్చి పొయ్యి. లోతుగా అక్కర్లేదు, దీని వేళ్ళు పైపైనే ఉంటాయి."

ఆ వారమే ఆయన గుమ్మం పక్క గొయ్యి తవ్వి, నల్లమట్టి వీపు మీద మోసుకొచ్చి నింపాడు. నన్ను తీసుకెళ్ళి మరీ చూపించాడు. చూపించాల్సినంత ఏమీ లేదు అక్కడ, నల్లగా చదునుగా ఇంత నేల.

జూన్‌లో పూలు వాడాయి. వాడిన పూగుత్తిని బొటనవేలితో పక్కకు విరిచెయ్యాలి, కిందున్న కొత్త చిగుళ్ళు విరక్కుండా. ఆ పని చేసినన్నాళ్ళూ ఎఫీ వేళ్ళకు జిగురు అంటుకునే ఉండేది. వాన మాత్రం వదల్లేదు. పొగలా సన్నగా పడుతూనే ఉంది. ఒక మధ్యాహ్నం నేను రేవు నుంచి పెందలాడే వచ్చాను. వంటింట్లో పొయ్యి భగభగ మండుతోంది. ఎఫీ దాని ముందు కూర్చుని ఒడిలోంచి ఆకులు తీసి ఒక్కొక్కటే లోపల వేస్తోంది.

ఒకటి కింద పడితే తీశాను. కొన నుంచి నల్లబడింది. ఆ నలుపు నడిమి ఈనె వెంట కాడ దాకా దిగింది.

"ఏమయింది వీటికి?"

"గాలికి మాడాయి."

"ఇంత వానలో గాలికి మాడడమేంటి? ఎఫీ, ఇది అవతలి ఒడ్డున చెప్పుకుంటున్న తెగులు కాదు కదా?"

అవతలి ఒడ్డున అప్పటికే ఒక గుట్ట గుట్టంతా కొట్టేశారు. రోడీలకు పడుతుంది, వాటి మీది నుంచి లార్చ్ చెట్లకు పాకుతుంది, లార్చ్‌కు పట్టిందంటే ఇక నరకడమే అని పడవలో రోజూ అదే మాట.

"ఎండిన ఆకులు," అంది ఎఫీ. "ఏరి పొయ్యిలో వేశాను. నీకింకేం కావాలి?"

ఆ గొంతు నాకు తెలుసు. ఆ గొంతు వచ్చాక అడిగి లాభం లేదు.

ఆ తర్వాత రోజూ తెల్లవారకముందే పెరట్లోకి వెళ్ళేది. తడి నేల మీద మోకాళ్ళు ఆనించి, ఒక్కో ఆకూ తిప్పి అడుగు చూసేది. షీనా మొక్కకే ముందు పట్టింది. పక్కవాటికి తర్వాత. కత్తెరను ఒక్కో కోతకూ స్పిరిట్‌తో తుడుచుకునేది. ఆకులు గుడ్డలో మూటగట్టి పొయ్యిలో వేసేది. ఇంతే చేసేది, ఎవరికీ చెప్పేది కాదు. ఒక సాయంత్రం బావ వచ్చేసరికి వెనక గేటుకు గొళ్ళెం వేసి ఉంది. చుట్టూ తిరిగి ముందు గుమ్మంలోంచి వచ్చాడు.

"ఏంటే, నన్ను వెలేశావా?"

"నేల మెత్తబడింది అన్నయ్యా. వేళ్ళు పైపైనే ఉన్నాయి, తొక్కితే నలుగుతాయి. కిటికీలోంచి చూడు."

"నా బరువుకు భూమి కుంగిపోతుందా?"

"నీ బూట్ల బరువుకు కుంగుతుంది."

కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని అక్కణ్ణించే చూశాడు. పువ్వు లేని మొక్కను కూడా అంతసేపు చూశాడు. ఎఫీ ఆయన వీపు వైపు చూస్తూ నిలబడింది.

జూలైలో హెలికాప్టర్ ఒకటి గుట్టల మీద అటూ ఇటూ తిరిగింది. తెగులు ఎక్కడ పట్టిందో కనిపెట్టడానికి అవి పైనుంచి చెట్ల తలలు చూసుకుంటూ పోతాయి. అది వెళ్ళిన రెండో సాయంత్రం బావ వచ్చి కిటికీ వైపు పోలేదు. బల్ల దగ్గర కూర్చున్నాడు.

"పైవరసలో చెట్లు పసుపెక్కాయి," అన్నాడు. "అక్టోబరులో రాలే ముందు ఉంటాయే, అలా. చిగుళ్ళు నల్లగా ముడుచుకున్నాయి."

"ఎన్ని?" అన్నాను.

"నిన్న పైవరసే అనుకున్నాను. ఇవాళ వస్తుంటే బాట పక్కన కూడా ఉన్నాయి."

ఎఫీ రొట్టె కోస్తోంది. ముగ్గురికి కావాల్సినంత కోసినా ఆపలేదు. మొత్తం రొట్టె ముక్కలయ్యాక కత్తి పక్కన పెట్టింది. ఆ రాత్రి ఎవరూ సరిగా తినలేదు.

మొక్కల తనిఖీ వాళ్ళు ఇద్దరొచ్చారు. ఒకావిడ, ఒక పెద్దాయన. ముందు బావ తోటంతా తిరిగి, బెరడు చెక్కి చూసి, కొమ్మలు సంచుల్లో కట్టుకుని, మా ఇంటికి దిగారు. గుమ్మం బయటే బూట్లకు మందు కొట్టుకుని మరీ లోపలికొచ్చారు. బావ వాళ్ళ వెనకే వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు.

"వాగు గట్టున అడవి రోడీలున్నాయి, చూశాం," అంది ఆవిడ. "చుట్టుపక్కల ఇళ్ళలో ఇంకెవరైనా పెంచుతున్నారా?"

"మా ఆవిడ చిన్న మొక్కలేవో పెంచుతుంది," అన్నాను. "మోకాలంత కూడా ఉండవు. కుండీ మొక్కల్లాంటివి."

"అయితే ఫరవాలేదనుకుంటా. వాగు గట్టువి మాత్రం నమూనా తీసుకుంటాం." ఆవిడ సంచీ ముడి వేసుకుంటోంది. పెద్దాయన అప్పటికే టోపీ పెట్టుకున్నాడు.

ఎఫీ చేతులు తుడుచుకుంది. "వెనక్కి రండి," అంది. "దారి ఇటు."

ఎఫీ వెంట వాళ్ళిద్దరూ వెళ్ళారు. బావ, నేను గుమ్మంలో ఆగిపోయాం. ఎఫీ నేరుగా షీనా మొక్క దగ్గరికి పోయి వంగి, లోపలి కొమ్మ ఒకటి పైకెత్తి పట్టుకుంది. ఆ పొద్దున కొయ్యకుండా వదిలేసిన నల్లబడ్డ ఆకులున్నాయి దాని మీద. ఆ తనిఖీ ఆవిడ చూసింది, చూసి ఎఫీ ముఖం వైపు చూసింది, ఏమీ అడగకుండా సంచీ మూతి తెరిచింది.

వాళ్ళు వెళ్ళాక బావ పెరట్లోకి దిగాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"పువ్వు వాడకముందే ఒక ఆకు చూశాను. అప్పుడు అదనుకోలేదు."

"ఎప్పుడనుకున్నావు?"

"నిన్ను కిటికీలోంచి చూడమన్నానే, అంతకు ముందు."

"నేను రోజూ వచ్చాను, ఎఫీ."

"అవును."

"రోజూ ఇదే మట్టి తొక్కుకుంటూ ఆ చెట్లలోంచి పైకి పోయాను."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. గేటు దగ్గరగా వేసి, గొళ్ళెం కూడా పెట్టి, తోట బాట వదిలేసి రోడ్డు మీద చుట్టూ తిరిగి పైకి వెళ్ళాడు.

పరీక్షలో రెండు చోట్లా అదే తెగులని తేలింది. ముందు ఎక్కడ పట్టిందని అడిగాను ఆ తనిఖీ ఆవిడ్ని. చెప్పలేమంది. గాలి, వాన, జింకలు, కుక్కలు, బూట్లు, దేనితోనైనా వస్తుంది, పైనుంచి కిందికి వచ్చి ఉండవచ్చు, కింద నుంచి పైకి పోయి ఉండవచ్చు. మంచి మనిషి. ఎఫీ చేయి పట్టుకుని, "మీరు చూపించి మంచి పని చేశారు" అంది. ఎఫీ చేయి వెనక్కి తీసుకుంది.

మా రోడీలన్నీ పీకి తగలబెట్టాలి, అందుకు మనుషులను పంపుతామన్నారు. వద్దంది ఎఫీ. తనే పార తీసుకుంది. రోడీలను పెకలించడం కష్టం కాదు, అదే చూడలేకపోయాను. పక్క నుంచి పార దూర్చి ఎత్తితే వేళ్ళతో సహా టోపీలా లేచి వస్తాయి. ఒక్కొక్కటీ ఎత్తి నాకిచ్చేది. నేను గోడ పక్కన రాజేసిన మంటలో వేసేవాణ్ణి. పచ్చి ఆకు మొదట బుసబుసలాడి, ఆపైన ఒక్కసారి అంటుకునేది. సగం రోగం లేనివే. చిగుళ్ళు వెండి నూగుతో మెరుస్తున్నాయి. రూల్ ప్రకారం ఏదీ మిగలకూడదు.

చివరికి షీనా మొక్క ఒక్కటే మిగిలింది. ఎఫీ పార దాని పక్కన గుచ్చింది, కాలు ఆనించింది, తొక్కలేకపోయింది. మళ్ళీ ప్రయత్నించింది. పార పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను తీసుకోబోయాను. అంతలో బావ వచ్చాడు. ఆయన ఎప్పుడొచ్చాడో, ఎక్కణ్ణించి చూస్తున్నాడో మాకు తెలీదు. ఎఫీ చేతిలోంచి పార తీసుకుని, చుట్టూ గుండ్రంగా, జాగ్రత్తగా, వేరు తెగకుండా తవ్వాడు. మళ్ళీ ఎక్కడో నాటబోయేవాడిలా తవ్వాడు. రెండు చేతులా ఎత్తి తీసుకెళ్ళి మంటలో పెట్టాడు. విసరలేదు. అది కాలేదాకా ఉండి, పార గోడకు ఆనించి, మా ముఖాలు చూడకుండా వెళ్ళిపోయాడు.

సెప్టెంబరులో యంత్రాలొచ్చాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే రంపపు హోరు. రోగం పట్టినవీ పట్టనివీ అన్నీ పడ్డాయి. ఆ చలికాలం ఎలాగూ కొట్టాల్సిన చెట్లే కదా అని పడవలో ఒకడన్నాడు నాతో, ఓదార్పుగానే. పనులయ్యేదాకా బావ ఇంట్లోంచి బయటికి రాలేదట. ఎఫీ ఓట్ రొట్టెలు చేసి నాతో పంపితే గుమ్మం దగ్గరే తీసుకునేవాడు. గుమ్మం పక్క నల్లమట్టి అలాగే ఉంది. అందులో గడ్డి మొలుస్తోంది.

ఒక రోజు తానే వచ్చాడు, ముందు గుమ్మంలోంచి, చేతిలో పెట్టెతో. షీనా చెల్లెలు పెయిస్లీ పట్నంలో ఉంటుంది. వాళ్ళింట్లో ఒక గది ఖాళీగా ఉందట.

"ఎన్నాళ్ళు?" అన్నాను.

"చూడాలి బావా." పైనింటి తాళంచెవి బల్ల మీద పెట్టాడు. "పైపులు గడ్డకట్టకుండా అప్పుడప్పుడు చూస్తూ ఉండు."

"టీ పెడతాను," అంది ఎఫీ.

"బస్సుంది."

"బస్సుకింకా టైముంది అన్నయ్యా."

కూర్చున్నాడు, కానీ కోటు విప్పలేదు. ఎఫీ కెటిల్ పెట్టి, అటు తిరిగే అంది. "వదినది కాపాడలేకపోయాను. నీవీ పోగొట్టాను. ఆ మొదటి ఆకు రోజే చెప్పి ఉంటే..."

"పైకి మోసుకుపోయింది నేనేమో."

"అది ఎవరికీ తెలీదన్నారు కదా. పైనుంచే వచ్చిందేమో."

"తెలీదు, ఎఫీ. అదే," అన్నాడు బావ. "తెలిసి ఉంటే మనిద్దరిలో ఒకరమైనా నిద్రపోయేవాళ్ళం."

కెటిల్ మరిగింది. ఆయన లేచి, చెల్లెలి భుజం మీద ఒక్కసారి చెయ్యి వేసి తీశాడు. నేను పెట్టె పట్టుకోబోతే వద్దన్నాడు. బస్సు మలుపు తిరిగేదాకా ఎఫీ గుమ్మంలో ఉంది. ఆ బస్సులో కిటికీలన్నీ ఆవిరి పట్టి ఉన్నాయి. ఆయన ఏ వైపు కూర్చున్నాడో కూడా కనబడలేదు.

ఆ తర్వాత ఆయన ఫోన్ చేసినా నాతోనే మాట్లాడేవాడు. ఎఫీ పక్కన నిలబడి వినేది, తీసుకోమంటే తల అడ్డంగా ఊపేది. పెరట్లోకి వెళ్ళడం మానేసింది. ఏళ్ళ తరబడి అక్కడ మళ్ళీ ఆ జాతి నాటకూడదన్నారు. వేరేవి నాటుకుందాం, గులాబీలు పెట్టుకుందామంటే, "నీకు కావాలంటే పెట్టుకో" అంది. పగలు ఎక్కువసేపు వంటింట్లో బల్ల దగ్గరే కూర్చునేది, ముందు ఏ పనీ లేకుండా.

అక్టోబరు చివర వానలు ఆగాయి. కొట్టు నడిపే పెగ్గీ ఒక సాయంత్రం పలకరించిపోదామని వచ్చింది. లోపల అడుగుపెడుతూనే ఆగి చుట్టూ చూసింది. పడమటి గుట్ట మీద చెట్లు లేకపోవడంతో పొద్దువాలే ఎండ తిన్నగా మా వంటింట్లోకి పడుతోంది. నేలంతా, బల్లంతా, ఎఫీ ఒళ్ళంతా ఎండ. నేను ఆ ఇంట్లో అల్లుడిగా అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ఆ గదిలో ఆ వేళప్పుడు దీపం లేకుండా పని జరగలేదు.

"ఎఫీ, ఎంత వెలుతురొచ్చిందే మీ ఇంటికి," అంది పెగ్గీ. మనసులో ఏమీ పెట్టుకోని మనిషి. చూసింది చూసినట్టు అంది.

"అవును," అంది ఎఫీ. పెగ్గీకి టీ ఇచ్చింది, వాళ్ళ మనవళ్ళ సంగతి అడిగింది, గేటు దాకా సాగనంపింది. తిరిగొచ్చి పడగ్గదిలోకి పోయి మా మంచం మీది బరువైన ఉన్ని దుప్పటి పట్టుకొచ్చింది. కుర్చీ కిటికీ కిందికి లాగి ఎక్కి, దుప్పటిని అద్దాలకు అడ్డంగా పట్టింది.

"సుత్తి ఇవ్వు," అంది.

ఇచ్చాను. తర్వాత ఒక్కొక్కటే మేకులు అందించాను.